గుంజ పాతిన చోటు

"ఆ ఎర్ర బెడ్డ మళ్ళీ సేటలో పెట్టు."

నరసింగరావు ఈ మాట మూడోసారి అన్నాడు. మొదటిసారి తమ్ముడి మొహం చూసి అన్నాడు. రెండోసారి చేటను చూసి అన్నాడు. ఈసారి ఎవరినీ చూడలేదు.

చినబాబు అరుగు చివర గొంతుక్కూర్చుని ఉన్నాడు. బెడ్డ అతని ఒళ్ళోనే తుండుగుడ్డలో ముడివేసి ఉంది. నిన్న ఉదయం నలుగురి ఎదుటా చేటలోంచి అతను ఎత్తుకున్నది అదే. ఎర్రటి మెట్ట మట్టి, గులకరాళ్ళతో సహా.

చేటలో నల్ల బెడ్డ ఒక్కటే మిగిలింది. అది పల్లం మట్టి. తడి ఆరి, నడిమికి పగులు తీసింది.

"ఎత్తిన బెడ్డ దించమంటే ఎలాగ నర్సింగా?" అన్నాడు జగన్నాధం. ఆయన ఈ అన్నదమ్ముల తల్లి జగ్గమ్మకు తమ్ముడు, ఇద్దరికీ మేనమామ. ఊళ్ళో ఏ పంపకమైనా ఆయన కూర్చోవలసిందే. "పెద్దోడు పంచాల, సిన్నోడు ముందు ఎత్తుకోవాల. మీ తాతల కాడ్నుంచీ అదే కదా. పల్లం రెండెకరాలు ఒక వాటా, మెట్ట నాలుగెకరాలు ఒక వాటా అని నువ్వే పంచినావు. నాను సెప్పినానేటి?"

"అప్పుడు నాకు తెల్దు మావా."

"ఏటి తెల్దు?"

జవాబు లోపలి గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. నరసింగరావు భార్య ధనలక్ష్మి తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది.

"నాను సెప్తాను బాబూ. నిన్న సాయంత్రం సితుకులకి మెట్టకెల్లినాను. జీడితోపు మజ్జిన గుంజ పాతి ఉన్నాది. తెల్లరంగు తలకాయ, ఎర్ర పీలిక. కంపినీ గుంజ! ఆ గుంజ ఉన్నకాడే సమురుబావి తవ్వుతారట. భూమి అద్దెకి తీసుకుంటారట, భూమి ఇచ్చిన ఇంటికి ఒక ఉజ్జోగం కూడానట. ఇప్పుడు సెప్పండి, కాలవ నీళ్ళు పారే పల్లం వొదిలేసి రాళ్ళ మెట్ట ఎవులు ఎత్తుకుంటారు? దూడకైనా తెల్సు కదా ఏది పచ్చికో!"

జగన్నాధం చేటలోకి చూశాడు. నిన్న చినబాబు చెయ్యి ఎర్ర బెడ్డ మీదికి వెళ్ళినప్పుడు ఆయనకూ ఆశ్చర్యమే వేసింది.

"పన్నెండు రోజులు కంపినీ ఓల్ల తీగలు మోసినావు కదా మరిదీ," అంది ధనలక్ష్మి. "ఊరికే మోసినావేటి?"

"మోసినాను వదినా. పొలాల్లో తీగలు పరిసినాను. ఆల్ల లారీ భూమిని దడదడలాడించింది. ఆ తీగలు భూమిలో ఏ సప్పుడు ఇన్నాయో మోసినోడికి ఎవులు సెప్తారు?"

"నవ్వుతున్నావా?"

"నేదు."

నిజంగానే అతను నవ్వలేదు. అదే నరసింగరావుకు మరీ మంట పుట్టించింది. తమ్ముడు కేకలు వేస్తే తనూ వేయవచ్చు. ఈ మెత్తదనం వెనక ఏముందో అతనికి అందలేదు.

వాకిట్లో రెండో పొయ్యి దగ్గర్నుంచి తవిటమ్మ లేచింది. చినబాబు భార్య. వంటలు వేరుపడి ఆర్నెల్లయింది. "మా వొంతు మాం ఎత్తుకుంటే దొంగలమా అక్కా? పల్లం ఎత్తుకునుంటే, మంచిదంతా లాగీసుకున్నారని ఇదే వాకిట్లో నువ్వే అందువు."

"నీతో మాటాడ్డం నేదు నాను."

"నాతో ఆర్నెల్లనుంచీ మాటాడ్డం నేదు. కొత్తేటి?"

"ఆపండే!" అన్నాడు జగన్నాధం.

అందరూ ఆగారు. జగ్గమ్మ చేతిలో గోగునార పేనుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. ఆమె స్తంభానికి ఆనుకుని, కొత్త దూడకు పలుపు పేనుతోంది. పొద్దుటినుంచీ అది రెండు మూరలు కూడా సాగలేదు. పేనుతోంది, విప్పుతోంది.

"ఆ గుంజ నానే పాతినాను," అంది.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు.

"ఏ గుంజప్పా?" అని జగన్నాధం అక్కను అడిగాడు.

"ఆ కంపినీ గుంజే. ఆల్లు పాతింది మెట్టలో కాదు, మన పల్లంలో. ఈశాన్నం మూల. మీరందరూ నరసన్నపేట పెళ్ళికెల్లిన్నాడు ఇద్దరు కుర్రోళ్ళు ఒచ్చి పాతీసి ఎల్లిపోనారు. మోకాళ్ళ నొప్పని నాను ఎల్లనేదు కదా. సూసినాను."

ఈశాన్యం మూల అంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఏటా ఉబాలు మొదలయ్యేనాడు, ఆడకూలీలు మడిలోకి దిగకముందే, మొదటి నారుకట్ట విప్పి నాట్లు వేసేది జగ్గమ్మే. ఆ మూలలోనే. ఆమె కోడలిగా వచ్చిన ఏడు అత్తగారు వేయించింది మొదలు, ఏ ఏడూ తప్పలేదు.

"అక్కడ బావి తవ్వితే మనకి అన్నమెక్కడిది? అందుకని పీకీసి మెట్టలో పాతినాను. అటైతే జీడిసెట్టు ఒకటో రెండో పోతాది, పోనీ అనుకున్నాను. ఎద్దుని ఎక్కడ మేపాలంటే అక్కడ గుంజ పాతమేటి? కంపినీ ఐనా అంతే కదా అనుకున్నాను."

ధనలక్ష్మి పకపకా నవ్వింది. అందులో సంతోషం లేదు.

"సూసినారా! సిన్నకొడుకు కోసం అత్త గుంజలు కూడా పాతీసింది! మోకాళ్ళు పనిసెయ్యని మనిషి, గెడ్డలో నీళ్ళు దాటి మెట్టెక్కి గుంజ పాతిందట!"

"ఎక్కినాను. రెండుసార్లు కూలబడినాను. ఎక్కినాను."

"అమ్మా," అన్నాడు నరసింగరావు. గొంతు తగ్గించాడు. అరుపు కంటే అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. "నాకు నీ సంగతి తెల్దా? సిన్నప్పుడు ఆడు బెల్లం తినీసి కూకుంటే, సీమలు తినీసినాయని సెప్పినావు. బడి ఎగ్గొడితే జొరమని సెప్పినావు. ఇప్పుడు గుంజ నానే పాతినానంటన్నావు."

"అది బెల్లంరా. ఇది భూమి."

"నీకు రెండూ ఒకటే."

జగ్గమ్మ పేనిన నార మళ్ళీ విప్పింది. బెల్లం సంగతి నిజమే. జ్వరం సంగతీ నిజమే. అప్పుడు చెప్పిన చిన్న అబద్ధాలన్నీ ముప్పయ్యేళ్ళు ఎక్కడో దాక్కుని, ఇవాళ వరుసగా వచ్చి ఆమె నిజానికి అడ్డం నిలబడ్డాయి.

చినబాబు అప్పుడు తలెత్తాడు. తల్లిని ఒక్కసారి చూశాడు. మళ్ళీ తల దించి తుండు ముడి విప్పాడు.

"తీసుకో అన్నియ్యా," అన్నాడు. ఎర్ర బెడ్డ చేటలో పెట్టి, నల్లది చేతిలోకి తీసుకున్నాడు. "మెట్ట నీదే. పల్లం నాకుండనీ."

"ఏటి సేస్తన్నావయ్యా!" అని తవిటమ్మ అరిచింది.

"ఊరుకో."

అంతే. వాదించలేదు, బతిమాలించుకోలేదు. చేటలోంచి కుంకుడుకాయ మార్చినట్టు మార్చేశాడు.

*

మర్నాడే కోటబొమ్మాళి వెళ్ళి కాగితం రాయించారు. జగన్నాధం సాక్షి సంతకం చేశాడు. జగ్గమ్మ వేలిముద్ర వేయలేదు, సంతకమే చేసింది. ఆమెకు చదువు వచ్చు. కొడుకుల పాత వాచకాలు చూసి తనంతట తనే నేర్చుకుంది. అందుకే ఆ కాగితం రెండుసార్లు చదివింది. "ఇకమీదట ఒకరి వాటాతో ఒకరికి సంబంధం లేదు" అన్న చోట ఆమె కళ్ళు ఆగిపోయాయి.

ఆ మాటను ఆమె ఇంతకుముందు ఒకసారి చూసింది. భర్త, ఆయన తమ్ముడు రాసుకున్న కాగితంలో. ఆ తర్వాత ఆ అన్నదమ్ములు పద్దెనిమిదేళ్ళు మాట్లాడుకోలేదు. తమ్ముడు పోయిననాడు ఆమె భర్త ఇటువైపు గోడ దగ్గర నిలబడి పాడె వెళ్ళేదాకా చూశాడు. అటు వెళ్ళలేదు. వెళ్ళమని ఆమె చెప్పలేదు. చెప్పి ఉంటే వెళ్ళేవాడేమో. ఆ అనుమానం ఇప్పటికీ ఆమెను వదలలేదు.

మెట్ట చేతికి వచ్చినా నరసింగరావుకు నెమ్మది కలగలేదు.

"ఇంత బేగి ఎందుకిచ్చీసినాడే?" అని అన్నం ముందు కూర్చుని భార్యను అడిగాడు.

"దొరికిపోనాడు కాబట్టి ఇచ్చినాడు."

"దొరికిపోయినోడి మొహమేనా అది?"

"మరేటి మొహం?"

అతను పప్పు కలిపిన అన్నం అలాగే వదిలేసి మెట్టకు వెళ్ళాడు. రేగుకంప నరికి గుంజ చుట్టూ కంచె కట్టాడు. డిప్లమా చదివి రెండేళ్ళుగా ఇంట్లో కూర్చున్న కొడుకు పృథ్వీరాజ్ గురించి ఊళ్ళో అందరికీ చెప్పాడు. కుర్రాడికి కంపెనీలో ఉద్యోగం ఖాయమన్నాడు. మధ్యాహ్నమంతా ఆ గుంజ పక్కనే గొడుగు వేసుకుని కూర్చుంటున్నాడు. ఎవరినుంచి కాపలా కాస్తున్నాడో ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

*

నాలుగో రోజు పొద్దున్న కంపెనీ జీపు వచ్చింది.

దిగినతను శివాజీ అని, బొబ్బిలి వాడు. తెలుగు మనిషే అని తెలియగానే సగం ఊరు అతని వెనక నడిచింది. అన్నదమ్ములిద్దరూ నడిచారు, మధ్యలో పదిమంది ఎడంగా. జగ్గమ్మ కర్ర పట్టుకుని అందరికంటే వెనక.

నరసింగరావు అతన్ని మెట్టలోకి తీసుకువెళ్ళి కంచె చూపించాడు.

శివాజీ ఆ కంచెను కాసేపు చూశాడు. "ఎవరు కట్టారు?"

"నానే బాబూ. పశువులు పడిపోకుండా."

"గుంజకి కంచె కట్టడం నా సర్వీసులో ఇదే చూడ్డం," అన్నాడు శివాజీ నవ్వుతూ. వంగి, పీలిక పట్టి చూశాడు. సగమే ఉంది. దాని మీద నల్లసిరాతో రాసిన అంకెలూ సగమే ఉన్నాయి. "ఇది ఇక్కడికెలా వచ్చింది? ఇది మా గుంజే, కాని దీని చోటు ఇది కాదే."

చేతిలో ఉన్న చిన్న యంత్రం చూసుకుంటూ అతను మెట్ట దిగాడు. గెడ్డ దాటాడు. పల్లం గట్టెక్కి, ఈశాన్యం మూలకు తిన్నగా వెళ్ళి నిలబడ్డాడు. పక్కనున్న మనిషి కొత్త గుంజ పాతాడు. తెల్ల తల, ఎర్ర పీలిక.

"ఇక్కడ," అన్నాడు శివాజీ.

"గుంజ అక్కడుంటే ఇక్కడంటారేటి?" నరసింగరావు మెట్ట వైపు చెయ్యి చూపించాడు.

"గుంజ మా గుర్తుకోసం అండీ. చోటు చెప్పేది ఉపగ్రహం. గుంజ పీకి మీ ఇంట్లో పాతుకున్నా చోటు మారదు."

గుంపులో ఎవరో నవ్వారు. జగ్గమ్మ తల దించుకుంది. ఎక్కడ పాతితే అక్కడే మేసే ఎద్దు కాదన్నమాట ఇది.

"ఐతే ఇక్కడ సమురు ఉన్నట్టేనా బాబూ?" అని జగన్నాధం అడిగాడు.

"ఉన్నట్టు అని ఎవరూ చెప్పలేరు. కింద రాయి వంపు చూస్తే, చమురు నిలవడానికి చోటుందని తెలుస్తోంది. చోటున్నంత మాత్రాన సరుకుండాలని లేదు కదా. ముందు ఒక పరీక్ష బావి. పడితే చుట్టుపక్కల ఇంకా తవ్వుతాం, రోడ్డేస్తాం, ఈ ప్రాంతం తీరే మారిపోతుంది. పడకపోతే సిమెంటు పోసి మూసి వెళ్ళిపోతాం."

"మూసినాక మడి మళ్ళా మడవుతాదా?" ఇది జగ్గమ్మ.

శివాజీ కాళ్ళ కింది మడిని చూశాడు. "చెయ్యాలనే రూలుందమ్మా," అన్నాడు.

"రూలు నానడగనేదు నాయనా."

అతను యంత్రం వైపు చూసుకున్నాడు. "ఈ మడి ఎవరిది? కాగితాలు ఎవరి పేర ఉన్నాయి? ఉద్యోగం కూడా ఆ ఇంటికే రాస్తారు."

గుంపులో తలలన్నీ చినబాబు వైపు తిరిగాయి. చివరికి జగన్నాధమే వేలు చూపించాడు.

ధనలక్ష్మి ఒక్క అంగలో అత్త ముందుకొచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"ఇప్పుడు తెల్సింది. నానే పాతినానని సెప్తే మాం నమ్మమని నీకు తెల్సు. తెల్సే సెప్పినావు. తల్లీ కొడుకూ కూడబలుక్కుని, మా సేతే అడిగించుకుని మార్పించుకున్నారు!"

"ఓలమ్మా, ఏటా మాటలు! నిజం సెప్తే అబద్ధమన్నారు. ఇప్పుడది నిజమని తెలిస్తే మోసమంటారా?"

"మరి ఆడెందుకంత బేగి ఇచ్చీసినాడు?"

"ఆడికేటి తెల్సు? ఆడు మీతోపాటే పెళ్ళిలో ఉన్నాడు. సాయంత్రం బస్సులకి కదా అందరూ ఒచ్చినారు. గుంజ సంగతి ఆడికి నాను సెప్పనేదు. నా సచ్చినోళ్ళ మీద ఒట్టు."

నరసింగరావు తల్లిని చూడలేదు. తమ్ముణ్ణి చూశాడు. చినబాబు కొత్త గుంజను చూస్తున్నాడు. ఆ మొహంలో సంతోషం ఉంటే నరసింగరావు అతన్ని కొట్టి ఉండేవాడు. దుఃఖం ఉంటే దగ్గరికి వెళ్ళి ఉండేవాడేమో. ఏదీ కనిపించలేదు.

అతను వెనక్కి తిరిగి గట్టు వెంట ఇంటికి వెళ్ళిపోయాడు.

జగ్గమ్మకు ఆ నడక తెలుసు. భర్త గోడ దగ్గర్నుంచి లోపలికి నడిచిన నడక అది.

*

మధ్యాహ్నానికి వాకిటి మధ్య కంప పడింది. మెట్టలో గుంజ చుట్టూ కట్టిన రేగుకంపనే నరసింగరావు మోసుకొచ్చి వేశాడు.

జగ్గమ్మ పలుపు పట్టుకుని, కంపకు చినబాబు వైపున్న వాకిట్లోకి వెళ్ళింది. పొద్దున్న ఎలాగో పేనడం పూర్తయింది. కోపాలు ఎవరికున్నా దూడకు పలుపు కావాలి కదా. పెళ్ళికెళ్ళివచ్చిన రాత్రి పుట్టిన దూడ అది. పది రోజులైనా నిండలేదు.

మెడకు పలుపు కట్టబోతే వేళ్ళకు గుడ్డ తగిలింది. దిష్టికి కట్టిన పీలిక. ఎర్రది.

ఊరికే చూసింది. మళ్ళీ చూసింది. ఒక చివర మడతేసి కుట్టి ఉంది. రెండో చివర చిరుగు. చిరుగు దగ్గర నల్లసిరా, సగం తెగిన అంకె.

గుంజ పీకిన నాడు ఇది గట్టు రాయికి పట్టుకుని చిరిగింది. ఆమె వెతికింది. ఎంత వెతికినా దొరకలేదు.

"తవిటీ," అంది. "ఈ పీలిక ఎక్కడిదే?"

తవిటమ్మ గాబులో నీళ్ళు పోస్తూ వెనక్కి తిరగకుండానే చెప్పింది. "మీ కొడుకు తెచ్చినాడు అత్తా. పల్లం గట్టు మీద దొరికిందట. దూడ పుట్టగానే కట్టినాడు."

"దూడ పుట్టింది పెళ్ళినాడు రేత్రి కదే. సాయంత్రం బస్సుకి కదా ఒచ్చినారు?"

"నాను బస్సుకొచ్చినాను. అక్కోళ్ళు ముందు బస్సుకే ఎల్లిపోనారు, ఈయన లేడని ఆల్లకి తెల్దు. ఆవు ఈనేటట్టున్నాదని, తాళి పడీ పడకముందే ఈయన బయల్దేరిపోనాడు. అడ్డదారిన పొలాలమ్మటే నడిసొచ్చినాడట." నీళ్ళు పోయడం ఆపి అత్త వైపు తిరిగింది. "ఏటత్తా? అలగున్నావేటి?"

"ఏటీ నేదు. అన్నం కుండ సూసుకో."

తవిటమ్మ లోపలికి వెళ్ళింది. జగ్గమ్మ ముడి విప్పి పీలిక చేతిలోకి తీసుకుంది. దూడ ఆమె కొంగు నాకుతోంది. కాసేపటికి వెనకనుంచి నీడ పడింది. ఆమె తల తిప్పలేదు.

"ఎప్పుడొచ్చినావురా ఆవేల?"

చినబాబు గడ్డిమోపు దించాడు.

"నువ్వు గుంజ పీకుతుంటే అది కదలనేదమ్మా," అన్నాడు. "ఒచ్చి పట్టుకుందునా అనుకున్నాను. నన్ను సూస్తే సిగ్గుపడతావని గెడ్డలోనే ఆగిపోనాను. నువ్వు కూలబడినప్పుడు మాత్రం పరిగెట్టబోయినాను. నువ్వే లేసినావు."

జగ్గమ్మ కళ్ళు నిండాయి. అయినా అడగవలసింది మిగిలే ఉంది.

"మరి ఎర్ర బెడ్డ ఎందుకెత్తినావు? పల్లం తవ్వీస్తారని తెల్సి, జీడితోపైనా మిగుల్తాదని ఎత్తినావా? అన్న గుంజ సూస్తాడు, అడుగుతాడు, మారుస్తాడని తెల్సి ఎత్తినావా?"

చినబాబు దూడ వీపు నిమిరాడు.

"రెండిట్లో ఏది సెప్తే నమ్ముతావమ్మా?"

చిన్నప్పుడు నోటినిండా బెల్లం పెట్టుకుని, తల్లి ఏం చెబుతుందా అని చూసిన చూపే అది. అప్పుడు ఆమెకు అది ముద్దుగా ఉండేది.

"అమ్మా."

కంపకు అటువైపు నరసింగరావు నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి నిలబడ్డాడో తెలియదు. ఏం విన్నాడో, వినలేదో తెలియదు. చేతిలో ఎర్ర బెడ్డ ఉంది. దాన్ని తిరిగి చేటలో పెట్టడానికి తెచ్చాడో, గెడ్డలోకి విసరడానికి తెచ్చాడో అదీ తెలియలేదు.

"ఆవేల నువ్వు నిజం సెప్తే నాను నమ్మనేదు," అన్నాడు. "తప్పు నాదే. బెల్లం మాట కూడా అనీసినాను. మనసులో పెట్టుకోకు." కొంచెం ఆగాడు. "ఒక్కటి సెప్పు. ఆడికి ముందే తెల్సా, తెల్దా? ఒట్టులొద్దు. తెల్దంటే ఈ కంప ఇప్పుడే తీసీస్తాను. తెల్సంటే మనకీ ఆడికీ ఇంతటితో సరి. నువ్వు ఏది సెప్తే అది. ఈసారి నమ్ముతాను."

చినబాబు గడ్డిమోపు కట్టు విప్పడం మొదలుపెట్టాడు. తల ఎత్తలేదు.

జగ్గమ్మ పిడికిలి బిగించింది. ఎంత బిగించినా, పీలిక చివర ఎర్రగా వేళ్ళ సందులోంచి బయటికే ఉంది.